రాణిగారికి చీకటి గది కావాలి!

తొలకరి జల్లు వెలిసిన సాయంత్రం. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ గల్లీల దాకా ఒకటే సందడి. పోటీపరీక్షల పుస్తకాలు చంకలో పెట్టుకున్న కుర్రాళ్లు టీ కొట్టు ముందు గుమిగూడితే, వాళ్ల నెత్తిన ట్యూబ్‌లైటు చుట్టూ మరో గుంపు... రెక్కల పురుగులది! 'అబ్బా, ఉసిళ్లు' అని విసుక్కుంటూ ఇళ్లలో లైట్లు ఆర్పేస్తారు. తెల్లారాక రాలిన రెక్కల్ని చీపురుతో ఊడ్చేస్తారు. ఆ చెత్తలో ఓ రాణిగారూ వెళ్లిపోవచ్చు. ఎందుకంటే వాటిలో కొన్ని ఉసిళ్లు కావు, కొత్త కాపురానికి చోటు వెతుక్కుంటున్న రాణి చీమలు!

రాణి చీమకు రెక్కలుండేది ఆ ఒక్క ప్రయాణం కోసమే. మగచీమలతో జతకట్టాక నేలకు దిగి రెక్కల్ని తానే విరిచేసుకుంటుంది. ఆనాడు అందుకున్న వీర్యాన్ని పొట్టలోని చిన్న సంచిలో దాచుకుని జీవితాంతం గుడ్లు పెడుతుంది. కానీ అంతవరకూ బతికేవి బహు తక్కువ. బల్లులు, పిట్టలు, సాలీళ్లు కాచుకుని ఉంటాయి. వాటిని తప్పించుకున్నా, నారాయణగూడలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో దిగితే తవ్వుకోవడానికి మట్టే ఉండదు. అలా సిమెంటు నేలమీద దిక్కుతోచక తిరుగుతున్న రాణిని ఇంటికి తెచ్చి పెంచొచ్చు. పిల్లలకు అంతకుమించిన సైన్సు పాఠం ఉండదు. ముందు ఆమె రాణేనా అన్నది తేల్చుకోవాలి.

రాణిని పోల్చుకునేదెలా?

మొదట ఉసిళ్లను వేరుచేయాలి. అవి చెదల సంతతి. నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసాలు తిన్నగా ఉంటాయి, నడుమే కనిపించదు. చీమకైతే సన్నని నడుము, మోచేతిలా వంగిన మీసాలు. ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి.

రెక్కలున్న చీమలన్నీ రాణులు కావు. చిన్న తల, సన్నని ఒళ్లు ఉన్నవి మగవి. జతకట్టాక కొద్దిరోజులకే చనిపోతాయి.

చాలామంది బోల్తాపడేది గండుచీమల దగ్గర. పెద్ద తల చూసి రాణి అనుకుంటారు. నిజానికి అది పెద్దసైజు పనిచీమే. చూడాల్సింది తల కాదు, వీపు. ఒకప్పుడు రెక్కల్ని ఆడించిన కండరాలుండే చోటు కాబట్టి రాణి వీపు ఎత్తుగా, బలిష్ఠంగా ఉంటుంది. రెక్కలు ఊడిన చోట చిన్న మచ్చలుంటాయి. పొట్ట కూడా పెద్దదే. రెక్కలు రాల్చుకుని నేలమీద హడావుడిగా తిరుగుతుంటే జతకట్టే ఉంటుందని ఆశపడొచ్చు. ఖాయమని మాత్రం చెప్పలేం.

పరీక్షనాళికే పురిటిగది

ఖర్చు పెద్దగా ఉండదు. ఒక టెస్ట్‌ట్యూబు, కాస్త దూది చాలు. మూడోవంతు వరకూ కాచి చల్లార్చిన నీళ్లు పోసి, నీళ్లు కారకుండా దూదిని లోపలికి గట్టిగా కూరాలి. మిగిలిన ఖాళీలోకి రాణిని పంపి, మూతి దగ్గర మరో దూది ఉండ పెట్టాలి. అందులోంచి గాలి ఆడుతుంది. లోపలి దూది చెమ్మనిస్తుంది. ట్యూబును అడ్డంగా పడుకోబెట్టి, నల్లగుడ్డ చుట్టి బీరువా అడుగు అరలో పెట్టేయాలి. ఎండ తగలకూడదు. ఫ్రిజ్ మీద అసలే వద్దు, దాని అదురుకు రాణి బెదిరిపోతుంది.

ఆ తర్వాత చేయాల్సిన పని? ఏమీ లేదు! పిల్లలకే కాదు, పెద్దలకీ కష్టమైంది ఇదే. గంటకోసారి తీసి చూడటం, టార్చి వేయడం, బంధువులొస్తే చూపించడం... ఇలా చేస్తే కంగారుపడిన రాణి తన గుడ్లను తానే తినేస్తుంది. చాలా కాపురాలు కూలిపోయేది ఆకలితో కాదు, మన ఆత్రంతో! వారానికోసారి మసక వెలుతురులో ఒక్క నిమిషం చూస్తే చాలు.

మరి తిండి? గండుచీమ రాణికి ఈ దశలో అక్కర్లేదు. ఇక పనిలేని రెక్కల కండరాలే కరిగి ఆహారమవుతాయి. వాటితోనే తాను బతుకుతూ తొలి పిల్లల్నీ సాకుతుంది. గుడ్డు పురుగై, గూడు కట్టుకుని, చీమగా బయటికి రావడానికి నెల నుంచి రెండు నెలలు పట్టొచ్చు. రెండు నెలలు దాటినా గుడ్లే లేకపోతే, దొరికిన చోటికి దగ్గర్లోనే తడిమట్టి చూసి వదిలేయడం మేలు.

పనివాళ్లొచ్చాకే భోజనం

తొలిచూలు చీమలు మరీ బుల్లిగా ఉంటాయి. అవి తిరగడం మొదలుపెట్టాక చిన్న రేకు ముక్కమీద పంచదార నీళ్ల బొట్టు, రెండుమూడు రోజులకోసారి దోమల బ్యాటుకు చిక్కిన దోమ... అదే విందు. స్ప్రే కొట్టి చంపిన పురుగుల్ని పెట్టారో, కాపురమంతా పోతుంది. చీమల్ని చంపే సుద్దముక్క గీతలూ దగ్గర్లో ఉండకూడదు. పారిపోతాయని భయమైతే అమ్మమ్మల కిటుకే ఉంది. మిఠాయి డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు, చీమల డబ్బానూ పెట్టేయడమే.

ఇంట్లో పాకే బుల్లి పసుపు చీమల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటి గూట్లో రాణులు చాలా ఉంటాయి. పారిపోతే ఇల్లంతా వాటిదే.

ఈ సరదా కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో బ్యాంకు సెలవుల చట్టం తెచ్చిన సర్ జాన్ లుబాక్ గాజుపలకల మధ్య చీమల్ని పెంచి, 1882లో వాటిమీద పుస్తకమే రాశాడు. ఆయన దగ్గరి ఓ రాణి దాదాపు 15 ఏళ్లు బతికింది. ఐరోపాలో మరో జాతి రాణి ఏకంగా 28 ఏళ్లు దాటింది. అంటే ఇది ఒక సెలవుల ముచ్చట కాదు, కొన్నేళ్ల బాధ్యత.

కొనొద్దు... అమ్మొద్దు

సరదా వ్యాపారమైతే ఏమవుతుందో కెన్యాలో చూశారు. 2025 ఏప్రిల్‌లో బెల్జియంకు చెందిన ఇద్దరు టీనేజర్లు రాణులతో సహా సుమారు 5,000 చీమలతో దొరికిపోయారు. దూది కూరిన 2,244 గొట్టాల్లో దాచారు వాటిని. మేలో కోర్టు ఒక్కొక్కరికి 10 లక్షల షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అంది. రాణిని ఎత్తుకెళ్తే పుట్టబోయే పుట్టనంతా ఎత్తుకెళ్లినట్టే. పైగా పరాయి దేశపు చీమలు తప్పించుకుంటే ఇక్కడి చీమలకే ముప్పు. అందుకే మన వీధిలో దొరికిన ఒక్క రాణి చాలు.

ఈసారి వాన వెలిశాక వాకిలి ఊడ్చేముందు ఒక్కక్షణం వంగి చూడండి. ఎత్తైన వీపుతో ఒంటరిగా తిరుగుతున్న చీమ కనిపిస్తే చీపురు పక్కన పెట్టండి. ఇంటికి తెచ్చినా సరే, పక్కనున్న పూలకుండీలో వదిలినా సరే... ఆ తర్వాత రాణిగారిని ఆమె మానాన వదిలేయండి!