చీటీ మీద పేరు, అట్టలోని మందు

నెలనెలా మందులు అందుకునే కుటుంబాల బిల్లులు చూసే పని పోయిన ఏడాది నాకు అప్పగించారు. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టునీ కాను. లెక్కలు రాయడం తెలిసినవాణ్ణి, అంతే. బిల్లులన్నీ ముందేసుకుని కూర్చుంటే మొదట కనిపించింది ఇది: డబ్బులో పెద్ద భాగం షుగరు, బీపీ, థైరాయిడ్ మందులకే పోతోంది. జ్వరం మందు నాలుగు రోజులతో అయిపోతుంది. ఇవి అలా కాదు. ఒక మనిషికి ఈ నెల ఇచ్చామంటే వచ్చే నెలా ఇవ్వాలి, ఆ పై నెలా ఇవ్వాలి. మధ్యలో ఆపితే అసలు ఇవ్వకపోవడం కన్నా చెడ్డది.

ఖర్చు తగ్గుతుంది కదా అని షుగరు, బీపీ రెండూ ఉన్న ఒక ఖాలాకు జనరిక్ మందులు తెప్పించాం. ఆమె సంచి తెరిచి, అట్టలు తిప్పి తిప్పి చూసి, పక్కన పెట్టేశారు. “పేదవాళ్ళకు ఈ చౌక మందులు చాల్లే అనుకున్నారా బేటా? మీ అమ్మీకి కూడా ఇవే తెస్తావా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా అమ్మకు నేను కంపెనీ మందులే కొంటున్నాను.

చౌక మందు పని చేయదు, కంపెనీ మందే మందు అనే అభిప్రాయం ఆమె ఒక్కరిదే కాదు. చదువుకున్న ఇళ్ళలో కూడా అదే మాట. విరాళం ఇచ్చే పెద్దలే కొందరు “జనరిక్ వద్దండీ, మంచివి కొనివ్వండి” అని నాతో అన్నారు. వాళ్ళ మనసు మంచిదే. కానీ ఆ మాట నిజమైతే మేము బీదవాళ్ళకు నాసిరకం అంటగడుతున్నట్టు. అబద్ధమైతే మీరు ఇచ్చిన డబ్బును మేమే వృథా చేస్తున్నట్టు. తేల్చుకోకుండా ఉండలేకపోయాను.

ముందు పేర్ల సంగతి. క్రోసిన్, కాల్పాల్, డోలో అని అడిగి కొంటాం. మూడింటిలోనూ పనిచేసే మందు పారాసిటమాలే. తేడా ఉంటే మోతాదులో ఉంటుంది, 500 మిల్లీగ్రాములా, 650 మిల్లీగ్రాములా అని. పారాసిటమాల్ అనేది మందు అసలు పేరు. క్రోసిన్, డోలో అనేవి కంపెనీలు పెట్టుకున్న అమ్మకపు పేర్లు. ఈ అసలు పేరు అమ్మకపు పేరు కన్నా కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో అట్ట మీద ఉండాలని 2018 నుంచి నిబంధన అమల్లో ఉంది. కొన్ని రకాల కలయిక మందులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అసలు పేరు చివర ‘ఐ.పి.’ అనే రెండక్షరాలు చాలా అట్టల మీద కనిపిస్తాయి. ఇండియన్ ఫార్మకోపియా అనే ప్రభుత్వ ప్రమాణ గ్రంథంలో రాసిన కొలతల ప్రకారం ఆ మందు ఉండాలని దాని అర్థం. పెద్ద కంపెనీ అట్ట మీదా అవే అక్షరాలు, ఊరూపేరూ తెలియని కంపెనీ అట్ట మీదా అవే అక్షరాలు.

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి 20 ఏళ్ళ పేటెంటు ఉంటుంది. ఆ గడువులో ఇంకొకరు దాన్ని తయారు చేయకూడదు. గడువు తీరాక ఎవరైనా లైసెన్సు తీసుకుని చేయవచ్చు. అలా చేసినదే జనరిక్. ఇక్కడే మన వాదన తలకిందులవుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఎసిడిటీకి వాడే పాంటోప్రజోల్ వంటి వాటి పేటెంట్లు ఏనాడో తీరిపోయాయి. మనం ‘కంపెనీ మందు’ అని మురిసిపోయి కొనేది చాలావరకు మరొకరు కనిపెట్టిన మందుకు మన దేశపు కంపెనీ ఒకటి సొంత పేరు తగిలించి అమ్మేదే. అంటే అదీ జనరికే, పేరు పెట్టుకున్న జనరిక్. కాబట్టి “జనరికా, కంపెనీదా?” అన్న ప్రశ్నే సరైంది కాదు. జనరిక్ మందునూ ఏదో ఒక కంపెనీయే కదా చేసేది!

ఈ పరిశ్రమ మన దేశంలో ఎదగడానికి ఒక చట్టం కారణం. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాకుండా, మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు తయారు చేయగలిగితే తప్పు లేదు. 2005లో చట్టం మారేదాకా ఆ వెసులుబాటు కొనసాగింది. 1935లో ఖ్వాజా అబ్దుల్ హమీద్ స్థాపించిన సిప్లా సంస్థ ఆ దారిలో పెద్దదైంది. ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ 2001లో ఎయిడ్స్‌కు వాడే మూడు మందులను కలిపి రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించారు. అప్పటికి పాశ్చాత్య కంపెనీల ధర ఏడాదికి 10,000 డాలర్ల పైమాటే. ఆఫ్రికాలో లక్షల మంది ప్రాణాలు నిలవడానికి దారి వేసింది ఈ ‘చౌక మందులే’. మన హైదరాబాదు కథ కూడా ఇలాంటిదే. బాలానగర్‌లో సోవియట్ సాయంతో వెలిసిన ప్రభుత్వ మందుల కర్మాగారం ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకున్నవాళ్ళు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిన కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. అమెరికాలో ఇవాళ షాపుల్లో ఇచ్చే ప్రతి 10 మందుల్లో సుమారు 9 జనరిక్‌లే. అక్కడి మన పిల్లలు వేసుకునే మాత్రల్లో మన ఊరి చుట్టుపక్కల తయారైనవీ ఉంటాయి. ఇక్కడ మాత్రం వాటిని చూసి మొహం చిట్లిస్తాం.

మరి ధరలో అంత తేడా ఎందుకు? పరిశోధన ఖర్చు ఇద్దరికీ లేదు. పేరు పెట్టుకున్న కంపెనీ ఆ పేరును డాక్టర్లకు గుర్తుచేయడానికి రెప్రజెంటేటివ్‌లను పెట్టుకుంటుంది, ప్రచారానికి ఖర్చు పెడుతుంది. అదంతా అట్ట ధరలోనే రావాలి. అత్యవసర మందుల జాబితాలో ఉన్న వాటికి కేంద్ర ప్రభుత్వం 2013 ధరల ఉత్తర్వు కింద గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. జాబితాలో లేనివాటికి మొదటి ధర కంపెనీ ఇష్టం. తర్వాత ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు, అంతే.

దాతలు తెలుసుకోవలసిన చిక్కు ఇంకొకటి ఉంది. జనరిక్ అన్నంత మాత్రాన అట్ట మీద ధర తక్కువగా ఉండదు. కొన్ని అట్టల మీద ఎం.ఆర్.పి. కంపెనీ మందుతో సమానంగా ముద్రిస్తారు, షాపువాడికి మాత్రం అందులో చిన్న భాగానికే ఇస్తారు. అతను మనకు 20 శాతం తగ్గిస్తే మనం సంతోషంగా సంచి పట్టుకుని వస్తాం. మిగతా లాభం అతని గల్లాలోకి పోతుంది. జన ఔషధి కేంద్రాల్లో అట్ట మీద ముద్రించిన ధరే తక్కువ. ప్రభుత్వం చెప్పే లెక్క ప్రకారం బయటి బ్రాండ్ల కన్నా 50 నుంచి 80 శాతం. నేను బిల్లులు చూసేటప్పుడు ఇప్పుడు తగ్గింపు శాతం చూడను. ఒక్కో మాత్రకు ఎన్ని పైసలు పడిందో చూస్తాను.

ధర సరే, పనితనం? దీనికి వైద్యశాస్త్రంలో ఒక పరీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్న కొందరికి ఒకసారి అసలు మందు, మరోసారి జనరిక్ మందు ఇస్తారు. గంటగంటకూ రక్తం తీసి, మందు ఎంత చేరింది, ఎంత త్వరగా చేరింది అని కొలుస్తారు. రెండింటి నిష్పత్తి, లెక్కలో ఉండే అనిశ్చితితో సహా, 80 నుంచి 125 శాతం మధ్యలో ఇమడాలి. దీన్ని విని “అంటే 20 శాతం మందు తక్కువ ఉన్నా పాస్ చేస్తారన్నమాట” అనేవారున్నారు. కాదు. మాత్రలో ఎంత మందు ఉందన్నది వేరే పరీక్ష, దాని హద్దులు ఇంకా ఇరుకు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2,070 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు రక్తంలో చేరిన మందు మొత్తంలో సగటు తేడా 4 శాతం లోపే తేలింది.

అయితే ఇది అమెరికా లెక్క. మన దగ్గర ఈ రక్తపరీక్షను, నీటిలో సులభంగా కరగని రకాల మందులకు, లైసెన్సు ఇచ్చే ముందు తప్పనిసరి చేసింది 2017లో. అంతకు ముందు లైసెన్సు పొందినవాటిలో అది జరగనివి ఉన్నాయి. ఈ లోపం ఉన్నమాట నిజమే. కానీ అది చౌక మందుల లోపం మాత్రమే కాదు, పేరున్నవాటికీ వర్తించేదే. నాణ్యత తప్పిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటిస్తుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 20 మందికి పైగా పసిపిల్లల ప్రాణాలు పోయిన దగ్గు మందు ‘కోల్డ్రిఫ్’ అనే బ్రాండు పేరుతో అమ్మినదే. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. పేరు ఉండటం ఆ పిల్లలను కాపాడలేదు. కాపాడేది ఫ్యాక్టరీలో తనిఖీ, లాబొరేటరీలో పరీక్ష. పౌరులుగా మనం గట్టిగా అడగవలసింది వాటిని.

ఇక ఖాలా సంగతికి వస్తాను. ఆమె మాట మనసులో ముల్లులా ఉండి, ఆ సంచిని, పాత చీటీని తీసుకుని తెలిసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మూడు అట్టలు చూసి సరే అన్నారు. నాలుగోది చేతిలో పట్టుకుని “ఇది ఎవరు మార్చారు?” అని అడిగారు. ఆమె చీటీలో ఉన్నది మెటోప్రొలాల్ సక్సినేట్, రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, రోజుకు ఒకటి. మేము తెచ్చింది మెటోప్రొలాల్ టార్ట్రేట్, మామూలు మాత్ర. అది త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది. రోజుకు ఒక్కటే వేసుకుంటే మిగతా పూట గుండెకు రక్షణ ఉండదు. తప్పు మందుది కాదు, షాపుదీ కాదు. మేము ఫోన్లో మొదటి మాట ఒక్కటే చదివి చెప్పాం. ఆమె అలిగి పక్కన పెట్టడమే మేలైంది.

ఆ రోజు నాకు తెలిసిన చట్టం ఒకటి ఉంది. షెడ్యూల్ హెచ్ మందుల విషయంలో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని వాటిలో, చీటీలో రాసిన బ్రాండు బదులు ఇంకొకటి ఇచ్చే అధికారం షాపువాడికి లేదు. లోపలి మందు ఒకటే అయినా సరే. 1945 నాటి ఔషధ నిబంధనల్లోనే ఉంది. షాపువాడికే లేని అధికారం లెక్కలు రాసే నాకెక్కడిది? మార్గం ఒక్కటే, డాక్టరుగారినే అసలు పేరు రాయమని అడగడం. మందుల అసలు పేరును చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలో 2016లోనే సవరణ చేశారు. 2023లో దాన్ని ఇంకా కఠినం చేయబోయి, వైద్యుల అభ్యంతరాలతో ఆ నెలలోనే పక్కన పెట్టారు. అయినా మర్యాదగా అడిగితే కాదన్న డాక్టరు నాకు ఇంతవరకు ఒక్కరే తగిలారు. ఆయన చెప్పిన కారణం కూడా సబబే. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్, థైరాయిడ్ మాత్ర వంటివి ఒక కంపెనీవి సరిపడి నడుస్తుంటే మార్చకపోవడమే మంచిది, మార్చవలసి వస్తే రక్తపరీక్ష చేయించుకుంటూ మార్చాలి అన్నారు. అలాంటివారికి మేము పాత బ్రాండే, ఖరీదైనా, కొనిస్తున్నాం. చీటీలో ఎస్.ఆర్., ఎక్స్.ఎల్., ఈ.ఆర్. వంటి అక్షరాలుంటే వాటితో సహా రాసుకుని వెళ్తున్నాం.

చాలామంది దాతలు ఇంట్లో మిగిలిపోయిన మందులు తెచ్చి ఇస్తుంటారు. ఒక పెద్దాయన చనిపోయాక ఆయన మందులన్నీ అట్టపెట్టెలో సర్ది పంపారు. వద్దని చెప్పడం ఎంత కష్టమో! కానీ రోగి చేతికి వెళ్ళి తిరిగి వచ్చిన మందులను దానంగా తీసుకోవద్దనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోని మాట. ఏ ఎండలో ఉన్నాయో, ఏ అల్మరాలో చెమ్మ తగిలిందో తెలియదు. సగం కత్తిరించిన అట్ట మీద గడువు తేదీ కూడా ఉండదు. ఆ మందులకు బదులు వాటి ఖరీదు ఇవ్వగలిగితే, కొత్త చీటీతో కొత్త మందు కొంటాం.

ఖాలాకు డాక్టరుగారు కొత్త చీటీ రాశారు, అన్నీ అసలు పేర్లతో. బిల్లు పాతదానిలో మూడో వంతు కన్నా తగ్గింది. మొదటి రెండు నెలలు పదిహేను రోజులకోసారి బీపీ, నెలకోసారి షుగరు చూపించుకోవాలని మాట తీసుకున్నాం. అంకెలు పాత మందులతో ఉన్నట్టే ఉన్నాయి. మా అమ్మ చీటీ కూడా అదే వారం మార్పించాను, ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె నవ్వి ఊరుకున్నారు. కొత్త అట్టలను మాత్రం ఇప్పటికీ పాత కంపెనీ డబ్బాలోనే పెట్టుకుంటున్నారు.