మోటారు యంత్రమున హెడ్డు గాస్కెట్టు

మోటారు యంత్రమున సిలిండర్లున్న దిమ్మకును, దానిపై మూతవలె నుండు హెడ్డునకును నడుమ నొక పలుచని పొర కలదు. దానినే గాస్కెట్టందురు. లోన 2000 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన మంట, ప్రక్కనే చల్లబఱచు నీరు, మఱియొకచో నూనె. ఈ మూడింటిని కలియనీయకుండుటయే దాని పని. దిమ్మ యినుపదియు, హెడ్డు అల్యూమినియముదియు నైన బండి మితిమీఱి కాగినచో, అల్యూమినియము ఇనుముకంటె సుమారు రెట్టింపు వ్యాకోచించును గనుక, హెడ్డు వంగి గాస్కెట్టు చెడును.

నీరు బయటికి కాఱకయే తఱుగుట, నూనె పాలు కలిసిన కాఫీవలె మాఱుట దీని లక్షణములు. చలికాలపు ఉదయమున పొగగొట్టమునుండి వెడలు తెల్లని యావిరిని జూచి మాత్రము తొందరపడరాదు. అది మంచి బండికిని గలదు. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి తక్కువయైనచో వాని నడుమ గాస్కెట్టు పోయినదని యూహింపవచ్చును. బాలురారా, వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయకుడు. మరుగునీరు ముఖముపై జిమ్మును.

యంత్రము చల్లారిన పిమ్మట నీరు దీసి హెడ్డు నూడదీయవలెను. క్రొత్త గాస్కెట్టు వేసి యంతటితో ఊరకుండుట వృథావ్యయము. వంకరలేని యుక్కుబద్దను హెడ్డు అడుగున ఆనించి, సందున్నచో చదును చేయింపవలెను. బోల్టులను నడుమనుండి అంచులకు, తయారుచేసినవారు చెప్పిన బిగువునకు, విడతలుగా బిగించి, నూనె మార్చవలెను. థర్మోస్టాటు చెడెనో, నీటి పంపు చెడెనో, బండి కాగుటకు కారణము కనుగొననిచో ఈ గాస్కెట్టును అట్లే పోవును.