మనసు బాగోలేదంటే కాల్షియం కూడా చూడాలి

గుంటూరులో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే పని నాది. "మా అత్తయ్య ఎవరితోనూ మాట్లాడట్లేదండీ, అన్నం సహించట్లేదు, ఊరికే ఏడుస్తోంది" అంటూ పెద్దవాళ్లను తీసుకొస్తుంటారు. చీటీలో షుగరు, థైరాయిడ్ ఎప్పుడూ ఉంటాయి. కాల్షియం, సోడియం అరుదు. వాటినీ రాయాలని నా కోరిక.

కాల్షియం డెసిలీటరు రక్తంలో సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు ఉండాలి. దాన్ని అదుపులో ఉంచేవి మెడలో థైరాయిడ్ వెనక బియ్యపుగింజంతేసి ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు. వాటిలో ఒకటి పెరిగి హార్మోన్ ఎక్కువగా వదిలితే ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి వచ్చేస్తుంది. ఒళ్లునొప్పులు, మలబద్ధకం, దాహం, కిడ్నీలో రాళ్లు మొదలవుతాయి. వాటితోపాటు నీరసం, మతిమరుపు, దిగులు. ఇంట్లోవాళ్లు ఆ దిగులొక్కటే చూసి "వయసైపోయిందిలే" అనుకుంటారు.

అలాగే వచ్చారు ఒక రిటైరైన టీచరమ్మ. కాల్షియం 11.9 వచ్చింది. చేతికి పట్టీ ఎక్కువసేపు బిగిస్తే కాల్షియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకే "మళ్లీ తీస్తానమ్మా" అని పట్టీ లేకుండా తీశాను. మళ్లీ అంతే. పారాథైరాయిడ్ హార్మోనూ ఎక్కువే. పెరిగిన గ్రంథిని ఆపరేషన్ చేసి తీసేశారు. కొన్ని నెలల తర్వాత వచ్చి, "పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను బాబూ" అన్నారు. అందరికీ ఇంత బాగా నయం కాదు. ఆపరేషన్ అయ్యాకా డిప్రెషన్ మందులు కావలసినవాళ్లుంటారు.

సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలి. బీపీ కోసం మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునే పెద్దవాళ్లలో అది పడిపోవచ్చు. డిప్రెషన్‌కిచ్చే కొన్ని మందులూ తగ్గిస్తాయి. మందు మొదలుపెట్టాక మనిషి ఇంకా డీలా పడితే, మాత్రలు సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టరుకి చెప్పండి. మగతగా ఉన్నా, మాట తడబడినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మెగ్నీషియం సంగతి వేరు. ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు ఒక్క శాతమే రక్తంలో ఉంటుంది. రిపోర్టు బాగున్నా లోటు ఉండొచ్చు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో జింక్ సగటున తక్కువని పరిశోధనల్లో తేలింది. అయితే దిగులుతో తిండి మానేసినా జింక్ తగ్గుతుంది.

కాబట్టి షాపులో మాత్రలు కొని మింగకండి. కాల్షియం ఇప్పటికే ఎక్కువున్న మనిషికి మరో కాల్షియం మాత్ర హాని చేస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని రిపోర్టొస్తే "నీకేం లేదు" అనొద్దు. ఆ బాధ నిజం. సైకియాట్రిస్టు దగ్గరికి తోడుగా వెళ్లండి.