మూడు నిమిషాల స్కిట్ సిరీస్ కావాలంటే

ఉత్తరాంధ్రలోని గుమ్మలక్ష్మీపురం కుర్రాళ్లు ఫోన్లో మూడు నిమిషాల కామెడీ స్కిట్ తీశారు, చుట్టుపక్కల ఊళ్లన్నీ చూసి నవ్వాయి అనుకుందాం. ‘దీన్నే టీవీలో సిరీస్‌గా చేస్తే?’ అనే ఆలోచన రాక మానదు. చేయొచ్చు. కాకపోతే ముందు లెక్క చూసుకోవాలి.

టీవీలో అరగంట అంటే అంతా కథే కాదు. గంటకు 12 నిమిషాల వరకు ప్రకటనలు వేసుకోవచ్చు. అంటే అరగంటలో 6 పోతే మిగిలేది 24. వారానికొకటి చొప్పున మూడు నెలలకు 13 భాగాలు, మొత్తం 312 నిమిషాలు. మూడు నిమిషాల స్కిట్లయితే 104 కావాలి. వారానికొకటి తీసే బృందానికి అది రెండేళ్ల పని. స్క్రిప్టులో పేజీకి సుమారు నిమిషం అంటారు. ఆ లెక్కన 150 పేజీల నోటుబుక్కులు రెండు నిండినా రాయాల్సింది ఇంకా మిగులుతుంది.

104 స్కిట్లు వరసగా పేర్చేస్తే సరిపోదా?

2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ది స్కిట్లు పేర్చే దారే. అయితే అక్కడ ఒక్కో ఎపిసోడ్ బరువును కొన్ని టీములు పంచుకుంటాయి. ఒకే బృందం మోయాలంటే జోకులు చాలవు. స్కిట్ పంచ్‌తో అయిపోతుంది. సిరీస్‌కు పంచ్ పడ్డాక కూడా తీరని చిక్కొకటి కావాలి. 2001లో జెమినిలో మొదలైన ‘అమృతం’ 2007 దాకా 300 పైచిలుకు భాగాలు నడిచింది. ఇద్దరు మిత్రులు, ఒక హోటల్, అంతే. ఆ హోటల్ కుదురుకొని ఉంటే కథ ఎప్పుడో ముగిసేది.

మా ఊళ్లో అలాంటి చిక్కు ఏముంది?

ఒకటి ఊహిద్దాం. సిగ్నల్ కొండ మీద, పని కింద సచివాలయంలో. తాత ఆధార్‌కు ఓటీపీ రావాలి. మనవడు ఫోన్ పట్టుకొని కొండెక్కి అంకెలు అరుస్తాడు. ‘ఏడా, ఏడుసార్లు ఏడా?’ అని కింద తాత తేల్చుకునేలోపు గడువు దాటిపోతుంది. స్కిట్‌కు ఇది చాలు. ఇక ఊరంతా తమ ఫోన్లు ఆ మనవడి చేతికే ఇవ్వడం మొదలుపెడితే? ఎవరి అప్పు ఎంత, ఎవరి సంబంధం తప్పిపోయింది, అన్నీ ముందు వాడికే తెలుస్తాయి. ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్నది రోజూ ఎదురయ్యే గొడవ. ఊరికి టవర్ వచ్చేదాకా సిరీస్‌కు ఢోకా లేదు.

పల్లె వీడియోలు నిజంగా అంతదూరం వెళ్లాయా?

వెళ్లాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన యూట్యూబ్ చానల్ ‘మై విలేజ్ షో’. అందులో పేరు తెచ్చుకున్న గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్లింది. అదే బృందంలోని అనిల్ జీల హీరోగా ‘మోతెవరి లవ్ స్టోరీ’ 2025 ఆగస్టులో జీ5లో వచ్చింది. జీ5 ఓటీటీ, అంటే ఇంటర్నెట్‌లో సినిమాలూ సిరీస్‌లూ చూపించే వేదిక. చానల్ పెట్టిన పదమూడేళ్లకు వచ్చిన ఆ సిరీస్ 7 భాగాలే. తెలంగాణ యాస అలాగే ఉంది. కాబట్టి మీ కథలో ఉత్తరాంధ్ర యాస, సవర మాట వినిపిస్తే లోటేమీ కాదు.

పాత వీడియోలు అలాగే వాడుకోవచ్చా?

రెండు ఇబ్బందులున్నాయి. ఫోన్ నిలువుగా పట్టి తీసిన బొమ్మ టీవీ తెరలో మూడో వంతు కూడా నింపదు, సుమారు 32 శాతమే. అందుకే ఇప్పటినుంచే అడ్డంగా పట్టి తీయండి. రెండోది పాటలు. రీల్‌లో సరదాకి పెట్టుకున్న సినిమా పాటకు టీవీలో, ఓటీటీలో హక్కుదారుల అనుమతి కావాలి, డబ్బూ కట్టాలి. ఊళ్లోని డప్పు, సన్నాయి వాళ్లను అడిగి, వాళ్లకు డబ్బిచ్చి రికార్డు చేసుకుంటే ఆ బెడద చాలావరకు ఉండదు.

కెమెరా కొనకముందే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. ఏడు భాగాలకు ఏడు వాక్యాలు రాయండి, ఒక్కోదానిలో ఏం జరుగుతుందో. ఏడూ వచ్చాయంటే స్క్రిప్టుకు కూర్చోండి. మూడో వాక్యం దగ్గరే కలం ఆగిందా, మీ చేతిలో ఉన్నది మంచి స్కిట్. దాన్ని స్కిట్‌గానే వదిలి ఇంకొకటి తీయండి.