అక్షింతల పురుగు: చంపాలా, వదిలేయాలా?

"అక్షింతల పురుగు మిత్ర పురుగు అంటారు కదండీ, మరి నా వంగ ఆకులన్నీ జల్లెడ చేసిందేంటి?" అని చాలామంది అడుగుతుంటారు. చిక్కంతా పేరుతోనే వచ్చింది. ఒకే పేరుతో మనం రెండు రకాల పురుగుల్ని పిలుస్తున్నాం. ఒకటి పేనుబంకను తింటుంది, రెండోది మన పంటను తింటుంది.

మొదట్లో నేనూ పొరపాటు చేశాను. వంగతోటలో కనిపించిన చుక్కల పురుగులన్నిటినీ, పిల్లలతో సహా ఏరించి చంపేశాను. కొన్నాళ్లకే చిగుళ్ల నిండా పేనుబంక పట్టేసింది. దాన్ని తినేవాటిని నా చేతులతో నేనే చంపుకున్నానని అప్పుడు అర్థమైంది.

తేడా ఇలా గుర్తుపట్టండి. వీడియోలో రెండింటినీ పక్కపక్కనే చూపించాను.

మిత్ర పురుగు: వీపు నున్నగా మెరుస్తుంది. ఎరుపు, నారింజ లేదా పసుపు రంగు మీద నల్ల చుక్కలో, వంకర గీతలో ఉంటాయి. పిల్ల పురుగు నల్లగా, మచ్చలతో బుల్లి మొసలిలా ఉండి చురుగ్గా తిరుగుతుంది. చాలామంది దీన్నే చూసి భయపడి చంపేస్తారు.

శత్రు పురుగు: వీపు మీద సన్నని నూగు ఉంటుంది, మెరుపు ఉండదు. ఇటుక రంగు మీద 12 లేదా 28 చుక్కలు. పిల్ల పురుగు పసుపు రంగు, ఒళ్లంతా ముళ్లు. వంగ, బంగాళాదుంప, టమాటా, కాకర ఆకుల్లో పచ్చదనం గీకి తినేసి ఈనెలు మిగులుస్తుంది.

గుడ్లు రెండింటివీ పసుపే, గుంపుగానే పెడతాయి. అందుకని గుడ్లను బట్టి తేల్చకండి. పక్కన పేనుబంక ఉందా, ఆకు గీకినట్టుందా చూడండి.

శత్రు పురుగైతే గుడ్లున్న ఆకులు తుంచి, పురుగులు ఏరి సబ్బు నీళ్లలో వేయండి. ఎక్కువైతే 5 శాతం వేపగింజల కషాయం ఆకు అడుగు తడిసేలా, పురుగున్న మొక్కలకే కొట్టండి. సహజమైనదే కదా అని తోటంతా కొట్టొద్దు. పొగాకు, మిరప వేసిన అగ్నిఅస్త్రం లాంటి ఘాటు కషాయాలకు మిత్రుడూ శత్రువూ తేడా తెలియదు.

ఇప్పుడు నేను వంగ చుట్టూ ఒక సాలు అలసంద వేస్తున్నాను. దానికి పేనుబంక పడితే కంగారు పడను. అది మిత్ర పురుగులకు మేత. మేత ఉంటేనే అవి మన పొలంలో ఉంటాయి.