ఐదుగురు సత్యనారాయణలు.. ఒక డేటాబేస్!

ఆఫీసులో రోజూ లక్షల రికార్డులతో పని నాకు. అలాంటిది అంబాజీపేట దగ్గర మా మావయ్య కొబ్బరి కొట్టులో, నలభై మంది పేర్ల దగ్గర బోల్తా పడ్డా.

సంక్రాంతికి ఊరెళ్తే మావయ్య మూడు ఖాతా పుస్తకాలు ముందు పెట్టారు. దింపు, ఒలుపు పనివాళ్ల లెక్కలన్నీ అందులోనే. "అల్లుడూ, ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించెయ్యరా" అన్నారు. ఇదెంత పని అనుకున్నా. ఒక్క రాత్రిలో పేరు, పని, కాయలు, అడ్వాన్సు.. అన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో కొట్టేశా.

శనివారం బట్వాడా. ఒకాయన డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, అందరి ముందూ మెల్లగా అన్నాడు: "రెండు వేలు తగ్గాయండి. నేను అడ్వాన్సు తీసుకోలేదండి, ఆయ్."

పేరు సత్యనారాయణ. అన్నవరం దేవుడి పేరు కదా, మా వైపు వీధికొకరుంటారు. మా కొట్టులో ఐదుగురు! ఒకరి అడ్వాన్సు ఇంకొకరి కూలిలో కోసేశా. పుస్తకం తీసి చూస్తే, ప్రతి సత్యనారాయణ పక్కనా మావయ్య చిన్న గుర్తు రాసుకున్నారు: 'కాలవగట్టు', 'పెద్ద', 'ఒలుపు'. 'క్లీనింగ్' పేరుతో వాటిని తీసేసింది నేనే. మావయ్య అప్పటికప్పుడు డబ్బు ఇచ్చేశారు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

మొదలుపెట్టేది కాగితం మీదే

మీరూ డేటాబేస్ చేయాలనుకుంటే ముందు సాఫ్ట్‌వేర్ వెతక్కండి. దాన్ని ఏ ప్రశ్నలు అడుగుతారో రాసుకోండి. మావి రెండే: ఎవరికి ఎంత ఇవ్వాలి? ఎవరి అడ్వాన్సు ఎంత మిగిలింది?

తర్వాత టేబుళ్లు విడదీయండి. మాకు మూడు వచ్చాయి: పనివాళ్లు, చేసిన పని, అడ్వాన్సులు. మనిషి పేరు మొదటి టేబుల్లో ఒక్కసారే ఉంటుంది. ఆయనకో నంబరు ఇస్తాం. ఆ నంబరు ఇంకెవరికీ ఉండదు. అదే ప్రైమరీ కీ. మిగతా రెండు టేబుళ్లలో పేరు బదులు ఆ నంబరే రాస్తాం. అక్కడ దాన్ని ఫారిన్ కీ అంటారు. 'కాలవగట్టు' లాంటి గుర్తుకూ ఒక కాలమ్ ఇచ్చా.

టేబుళ్లను ఇలా కలిపే రిలేషనల్ పద్ధతిని 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. ఇప్పటి బ్యాంకుల దాకా ఆ ఆలోచనే నడుస్తోంది.

ఇంకో జాగ్రత్త. ఒకచోట '2 వేలు', ఇంకోచోట '2000/-' అని రాస్తే కంప్యూటర్ కూడలేదు. డబ్బు కాలమ్‌లో అంకెలే ఉండాలి. తేదీలన్నీ ఒకే పద్ధతిలో రాయాలి.

ఇక సాఫ్ట్‌వేర్. ఎస్‌క్యూలైట్ చాలు. 2000లో వచ్చింది, పూర్తిగా ఉచితం. డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్‌లో ఉంటుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో చాలా యాప్‌లు లోలోపల వాడేది దీన్నే. ల్యాప్‌టాప్‌లో 'డీబీ బ్రౌజర్' వేసుకుంటే టేబుళ్లు కళ్లముందే కనిపిస్తాయి. ఫైల్‌కి వారానికో కాపీ తీసి వేరేచోట దాచండి. అందులో మనుషుల ఫోన్ నంబర్లు, అప్పులు ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు.

తర్వాతి శనివారం డబ్బు పంచేముందు లెక్క గట్టిగా చదివా. "పద్నాలుగు, కాలవగట్టు సత్యనారాయణ. అడ్వాన్సు లేదు."

"నేనేనండి, ఆయ్" అన్నాడాయన. ఈసారి డబ్బులు ఒక్కసారే లెక్కపెట్టుకున్నాడు.

మావయ్య ఇప్పటికీ పుస్తకం రాస్తున్నారు. నేను మానమనలేదు. వారం వారం రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తున్నాం.