సాక్ష్యం చెరిగిపోకముందే

ఇంటి మనిషి కనబడకుండా పోయినప్పుడు మనవారు మొదట బంధువుల ఇళ్లలో విచారిస్తారు. పరువు పోతుందేమోనని పోలీసు స్టేషన్‌కు వెళ్లడానికి జంకుతారు. ఆ జంకులో గడిచిపోయే గంటలే నేరస్థునికి కలిసివస్తాయి. ఎందుకో తెలియడానికి మన మదురై న్యాయస్థానంలో తీర్పు వెలువడిన ఒక కేసును పరిశీలిద్దాం.

2015 జూన్ 23న సేలం జిల్లాకు చెందిన గోకుల్‌రాజ్ అనే దళిత యువకుడు, వేరొక కులానికి చెందిన స్నేహితురాలితో తిరుచెంగోడు అర్ధనారీశ్వర ఆలయానికి వెళ్లాడు. అక్కడినుండి అతనిని అపహరించారు. మరునాడు పళ్ళిపాళయం సమీపంలో రైలు పట్టాలపై తల తెగిన శవం దొరికింది. ఆత్మహత్య చేసుకుంటున్నట్లు వ్రాసిన చీటీ కూడా లభించింది. పైకి చూస్తే అది రైలు క్రింద పడి చేసుకున్న ఆత్మహత్యే!

పట్టాలపై శవాన్ని వదలడం సాక్ష్యాన్ని చెరిపే ఉపాయం. రైలు చేసిన గాయాలలో మనిషి చేసిన గాయాలు కలిసిపోతాయి. అక్కడ శవపరీక్షే దారి చూపాలి. ప్రాణముండగా తగిలిన గాయం చుట్టూ ఉన్న కండలోనికి నెత్తురు పాకి ఉంటుంది. ప్రాణం పోయిన తరువాత తగిలిన గాయంలో ఆ గుర్తు ఉండదు, ఉన్నా బహు స్వల్పం. అయితే మరణానికి కొద్ది క్షణాలు ముందు తగిలినదానిని, వెనుక తగిలినదానిని వేరుచేయడం వైద్యులకు సైతం కష్టం.

సాక్షుల మాట కూడా నిలువలేదు. కేసుకు ఆయువుపట్టువంటి సాక్షి న్యాయస్థానంలో ఎదురు తిరిగింది. అటువంటప్పుడు మిగిలినది ఆలయంలోని నిఘా కెమెరా. హైకోర్టు న్యాయమూర్తులు ఆ దృశ్యాలను స్వయంగా వీక్షించారు, ఆలయాన్నీ రైలు పట్టాలనూ సందర్శించారు. 2022 మార్చిలో మదురై ప్రత్యేక న్యాయస్థానం ప్రధాన నిందితుడైన యువరాజ్‌కు యావజ్జీవ శిక్ష విధించగా, 2023 జూన్ 2న హైకోర్టు దానిని స్థిరపరచింది. మనుషులు మాట మార్చినా, యంత్రం దాచిన దృశ్యం మాట మార్చలేదు.

కాని ఆ యంత్రానికీ మరపు ఉన్నది. నిల్వచేసే చోటు నిండగానే పాత దృశ్యాలపై కొత్తవి వచ్చి పడతాయి. కొన్ని కెమెరాలలో వారం దినాలు, మరికొన్నింటిలో నెల దినాలు మాత్రమే దృశ్యం నిలుస్తుంది. తీసిన ప్రతిని న్యాయస్థానం అంగీకరించాలంటే చట్టం కోరిన ధ్రువపత్రం జతపరచాలని సుప్రీంకోర్టు 2020లో స్పష్టపరచింది. నెత్తుటి గుడ్డ సంగతీ అంతే. తడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే అది కుళ్లి, డి.ఎన్.ఏ. పరీక్షకు పనికిరాకుండా పోతుంది. దానిని ఆరబెట్టి కాగితపు కవరులో ఉంచి సీలు వేయాలి. ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఎప్పుడు మారినదో వ్రాసి ఉంచాలి. ఆ వరుసలో ఒక్క కొక్కెం ఊడినా నిందితుని పక్షంవారు సందేహం లేవనెత్తుతారు.

2024 జూలై 1నుండి అమలులో ఉన్న కొత్త చట్టం, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి రావాలంటున్నది. దీనిని అమలుపరచడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. అయితే నిపుణులు వచ్చేలోగా స్థలాన్ని కాపాడవలసినది ఊరివారే. శవాన్ని కదల్చరాదు, చుట్టూ గుంపు చేరరాదు, నెత్తురు కడగరాదు. తప్పిపోయినవారి దుస్తులు, దువ్వెన, పళ్ల బ్రష్షు పోలికకు ఉపయోగిస్తాయి గనుక భద్రపరచాలి. ఫోనులోని సందేశాలను చెరపరాదు. దారిలోని దుకాణాల కెమెరాల సంగతి ఆ దినమే పోలీసులకు చెప్పాలి.

మనది సరిహద్దు ప్రాంతం. మనిషి కుమిళిలో తప్పిపోయినా, బోడిమెట్టు దాటి తప్పిపోయినా, చిన్నమనూరు స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ‘అది మా హద్దు కాదు’ అని త్రిప్పి పంపే హక్కు పోలీసులకు లేదు. పిల్లలు తప్పిపోతే అపహరణగానే భావించి కేసు నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

చివరగా ఒక మాట. మనం ఇంట తెలుగు మాట్లాడతాము, ఫిర్యాదు మాత్రం తమిళంలో వ్రాస్తారు. దానిని మనకు చదివి వినిపించాలనీ, ప్రతిని ఉచితంగా ఇవ్వాలనీ చట్టం చెబుతున్నది. అర్థం కాకుంటే తమిళం చదవగల పిల్లలను వెంట ఉంచుకొని, వేళ, చోటు, దుస్తుల రంగు సరిగా వ్రాశారో లేదో చూచుకొన్న పిమ్మటే సంతకం చేయండి. మొదటి దినం వ్రాసిన ఆ కాగితమే ఏళ్ల తరువాత న్యాయస్థానంలో మీ తరఫున నిలబడుతుంది.